అత్తగారు నీళ్ళు తాగింది

పోయినవారం మనం అత్తగారిని ఖాళీ బకెట్ ముందు వదిలేసి వచ్చాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఈ అత్తగారు ఎవరికీ అత్తగారు కాదు, పందెం గుర్రాల్ని తయారుచేసే పెద్దాయన శాలలో ఉండే బూడిదరంగు ఆడగుర్రం. మేత తన దగ్గరికే రావాలి, నచ్చకపోతే మూతి తిప్పుకోవాలి, నచ్చినా నచ్చినట్టు కనపడకూడదు. ఈ గుణాలన్నీ చూసి శాలలో ఎవరో ఆ పేరు పెట్టారు. అసలు అత్తగారు, అంటే పెద్దాయన భార్య, ఆ పేరు చెవిన పడిన నాటినుంచి శాలలో అడుగుపెట్టడం మానేసింది. పేరు మాత్రం అతుక్కుపోయింది. అతుక్కోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ గుర్రం తన వీపు మీద ఎవర్నీ కూర్చోనివ్వదు, ఒక్క పెద్దాయన అల్లుణ్ణి తప్ప.

ఎండలు ముదిరాక అత్తగారు నీళ్ళు మానేసింది. బకెట్ మార్చారు, కుళాయి మార్చారు, నీళ్ళలో బెల్లం కూడా వేసి చూశారు. మూతి పెట్టడం, తల విదిలించడం, అంతే. గుర్రాల డాక్టరు వచ్చి మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదిలాడు. అది వెనక్కి వెళ్ళడానికి తీసుకున్న వ్యవధి ఆయనకి నచ్చలేదు. "పందెం లోపు ఇది కడుపారా తాగితే సరే. తాగకపోతే మాత్రం గేటు దాటించొద్దు" అని తేల్చేశాడు. గుర్రం యజమాని ఇంకోటి తేల్చాడు. ఈసారి కూడా పరిగెత్తకపోతే గుర్రాన్ని వేరే శాలకి తోలేస్తానన్నాడు. ఈ ఇద్దరి మధ్య పెద్దాయన నలిగిపోయాడు. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున చూస్తే బకెట్ ఖాళీ. మర్నాడూ ఖాళీ. శాలంతా ఊపిరి పీల్చుకుంది. ఎందుకు తాగిందని మాత్రం ఎవరూ అడగలేదు. చెడు జరిగినప్పుడు అడిగినట్టుగా, మంచి జరిగినప్పుడు ఎందుకని అడిగే అలవాటు మనుషులకి లేదు.

అడగనివాళ్ళలో ఐసమ్మ కూడా ఉంది. అదీ ఆమె మీద నాకున్న ఫిర్యాదు.

ఐసమ్మ పెద్దాయన కూతురు. అత్తగారినెక్కే ఆ జాకీ అల్లుడి భార్య. వేసవి వచ్చిందంటే ఆమె చేతిలో ఐసుగడ్డల సంచి లేకుండా ఎవరూ చూసి ఉండరు, అందుకని ఆ పేరు. ఎండాకాలంలో గుర్రాల్ని కాపాడటానికి ప్రతి శాలా ఒక మనిషిని పెట్టాలని పందేలు నడిపేవాళ్ళు ఆ మధ్య ఒక పద్ధతి తెచ్చారు. పెద్దాయన శాలకి ఆ మనిషి ఐసమ్మ. తమ గుర్రం పరిగెత్తే స్థితిలో లేదనిపిస్తే ఆమె మైదానంలోకి వెళ్ళే గేటు దగ్గర పగ్గం పట్టుకుని ఆపొచ్చు. కారణం ఒక్కటి చెబితే చాలు, ఎంతటివాడైనా వెనక్కి తిరగాల్సిందే. ఆ అధికారాన్ని ఆమె అతి తక్కువగా వాడింది, వాడినప్పుడల్లా ఆమె మాటే నిజమైంది. అందుకే గేటు దగ్గర ఉండే ఆఫీసరుకి ఆమె మాటంటే గురి.

పనిలో ఆమెకి ఎవరూ వంక పెట్టలేరు. గుర్రాల కసరత్తు సూర్యుడు రాకముందే ముగించేస్తుంది. పరిగెత్తి వచ్చిన గుర్రం మీద చల్లటి నీళ్ళు పోయించి ఊరుకోదు, పోసిన నీళ్ళని వెంటనే ఒంటి మీంచి రేకుతో గీకి లాగించేస్తుంది, మళ్ళీ పోయిస్తుంది, మళ్ళీ లాగిస్తుంది. వెంట్రుకల్లో నిలిచిన నీళ్ళు నిమిషంలో వేడెక్కి కంబళిలా కప్పేస్తాయని గుర్రాల్ని చూసుకోవడానికి కొత్తగా చేరిన ప్రతి సైసుకీ విసుగు లేకుండా చెబుతుంది. మేతలో ఉప్పు ఎంత, నీడ ఎటు తిరుగుతుంది, ఏ పంకా ఏ గుర్రం వైపు ఉండాలి, అంతా ఆమె కనుసన్నల్లోనే జరుగుతుంది. మరి మనుషుల సంగతేమిటని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. "గుర్రం నోరు లేని జీవం. మనిషికి నోరుంది, బాగోకపోతే చెప్పుకుంటాడు." ఆ మాట శాలలో అందరికీ కంఠతా వచ్చు.

పందెం రోజు మధ్యాహ్నం ఆమె బకెట్లు కడుగుతోంది. సిమెంటు గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడలేనంత ఎండ. రేకుల కప్పు కింద నీటి తుంపర పంకాలు రొద పెడుతున్నాయి. ఒక్కొక్క బకెట్‌నీ బోర్లించి, పీచుతో తోమి, కుళాయి కింద పెడుతోంది. అత్తగారి బకెట్ చేతికొచ్చింది. అడుగున గుక్కెడు మిగిలి ఉంది. పారబోయబోతూ ఆగిపోయింది.

అల్లం వాసన వచ్చింది.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు, చక్కెర, వెనకాల ఘాటుగా అల్లం. ఆ రుచి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున్నే తన చేత్తో కలిపి, సీసాలో పోసి, మొగుడి చేతిలో పెట్టేది అదే. ఉప్పూ చక్కెరా ఎవరైనా కలుపుతారు. అల్లం మాత్రం ఆమె సొంత తెలివి, అందులోనూ ఆమె చెయ్యి కొంచెం జోరు. తాగినప్పుడల్లా మొగుడు మొహం వంకర్లు పెట్టేవాడు. ఈ మధ్య పెట్టడంలేదు. మొగుడికి చివరికి అలవాటైందని ఆమె సంతోషించింది కూడా.

ఆమె బకెట్‌లో ఇంకోసారి వేలు ముంచి రుచి చూసింది. తర్వాత దాన్ని కుళాయి కింద పెట్టి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ జాకీల గది వైపు నడిచింది. పరిగెత్తలేదు. ఎండలో పరిగెత్తకూడదని నలుగురికీ చెప్పే మనిషి ఆమె.

జాకీల గదిలోకి ఆడవాళ్ళని రానివ్వరు. బయట పొడుగాటి వరండా ఉంది, గోడ వెంట బల్లలు, చివర తూకం గది. తలుపు దగ్గరున్న మనిషితో కబురు పంపితే మొగుడు బయటికి వచ్చాడు. జాకీల్లో అతని పేరు ఈక. ఒకప్పుడు నిజంగానే ఈకంత తేలిక. పెళ్ళయ్యాక ఒళ్ళు చేశాడని తోటి జాకీలు ఏడిపిస్తుంటారు. ఇవాళ మాత్రం బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవై, ఎవరో చెక్కినట్టు ఉన్నాడు. రంగురంగుల పట్టు చొక్కా కింద ప్లాస్టిక్ కోటు అంచు కనిపిస్తోంది. ఒంట్లో ఉన్న నీళ్ళని పిండెయ్యడానికి జాకీలు వేసుకునేది అది.

"ఏవండీ, పొద్దున్న ఇచ్చిన సీసా ఏది?"

"ఖాళీ చేసేశానే."

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి? సీసా ఎక్కడ ఖాళీ చేస్తారు ఎవరైనా?"

"అత్తగారి బకెట్‌లోనా?"

అతను నవ్వాడు. పెదవి పగిలినట్టుంది, నవ్వు మధ్యలోనే ఆపేశాడు. బల్ల మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఓ రోజు కసరత్తు అయ్యాక సీసా మూత తీసి పక్కన పెట్టాను. మూతి పెట్టేసింది. వదలదే. మీరందరూ దాని కాళ్ళావేళ్ళా పడుతుంటే అదేమో నీ అల్లం నీళ్ళ కోసం చూస్తోంది. అప్పట్నుంచి బకెట్‌లో కలిపేస్తున్నా. నేను తాగకూడదు, అది తాగాలి. ఒక్క సీసాతో ఇద్దరి పనీ అయిపోయింది. నిజం చెప్పాలంటే నువ్వు నన్ను మెచ్చుకోవాలి."

"నిన్నటి సీసా?"

"అదీ అక్కడికే."

"మొన్నటిది?"

అతను బూట్ల వైపు చూసుకున్నాడు.

"మరి మీరేం తాగుతున్నారు?"

"నోరు తడుపుకుంటున్నా."

"తడుపుకుని?"

"ఉమ్మేస్తున్నా. దబాయించకు, తల నొప్పిగా ఉంది."

ఐసమ్మకి కోపం వచ్చింది. ఆ కోపంలో భయం పాలు ఎంతో ఆ క్షణాన ఆమెకే తెలియలేదు. గుర్రాలకి రోజూ ఎన్ని బకెట్లు తాగించిందో అడిగితే నిద్రలో కూడా చెబుతుంది. ఒకే మంచం మీద పక్కన పడుకునే మనిషి గొంతు తడిసి ఎన్నాళ్ళయిందో ఆమెకి తెలియదు.

"ఇలా చెయ్యమని మా నాన్న అన్నాడా?"

"ఆయన ఎందుకంటాడు? తూకంలో నేను ఎక్కువ తేలితే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. అత్తగారు వాణ్ణి గేటు దగ్గరే కింద పడేస్తుంది. యజమాని గుర్రాన్ని తోలుకుపోతాడు. మామయ్య శాలలో చెప్పుకోదగ్గది అదొక్కటే కదా. అది పోతే ఆ మనిషి ఏం చేసుకుని బతుకుతాడు? ఆయన నోరు తెరిచి అడిగేదాకా కూర్చుంటే నేను అల్లుణ్ణెలా అవుతాను?"

ఈ మాటకి ఆమె మామూలు రోజైతే ముచ్చటపడేది. చెయ్యి పట్టుకుని లేపబోయింది. అతని ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"చలిగా ఉందా?"

"కొంచెం. ఈ పంకా గాలి ఒకటి."

ఆమె తలెత్తి చూసింది. వరండాలో పంకా తిరగడంలేదు.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. అతను జీను చంకన పెట్టుకుని తూకం గదిలోకి వెళ్ళాడు. గుమ్మంలోంచి ఆమెకి కనిపిస్తూనే ఉంది. తూకం మీద నిలబడ్డాడు, కళ్ళు మూసుకున్నాడు. ముల్లు అటూ ఇటూ ఊగి, ఎక్కడ ఉండాలో అక్కడే ఆగింది. తూకం చూసే మనిషి "శభాష్" అన్నాడు. ఈక బయటికి వస్తూ గుమ్మాన్ని పట్టుకున్నాడు. ఆమె కుళాయి దగ్గర పట్టి తెచ్చిన గ్లాసు నోటికి అందించింది. తూకం అయిపోయింది కదా, ఇకనైనా తాగమంది. ఒక్క గుక్క మింగాడు. మింగింది మింగినట్టే వెనక్కి వచ్చేసింది.

"చూశావా, కడుపు కూడా ఒప్పుకోవడంలేదు" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఒక్క పందెం. అవగానే నువ్వు ఏది పోస్తే అది తాగుతా. అల్లం ఎంత వేసుకుంటావో వేసుకో."

జీను కట్టే చోట పెద్దాయన అత్తగారి పక్కన ఉన్నాడు. సైసులు ఐసు నీళ్ళు పోసి, రేకుతో లాగి, మళ్ళీ పోస్తున్నారు. అత్తగారు చెవులు నిక్కించి, నిగనిగలాడుతూ, ఇంతమంది సేవ చెయ్యడం తనకి కొత్తేమీ కాదన్నట్టు నిలబడి ఉంది. పందేలకి వచ్చిన ఆడవాళ్ళు గొడుగుల కింద నుంచి దాన్ని వేళ్ళు పెట్టి చూపించుకుంటున్నారు.

పెద్దాయనకి ఒక అలవాటు ఉంది. ఎండరోజుల్లో ఏ గుర్రాన్నీ కళ్ళతో చూసి ఊరుకోడు. ముందుకాళ్ళ మధ్య, నీళ్ళు పొయ్యని చోట, ఛాతీ కింద అరచెయ్యి పెడతాడు. చెయ్యి చెమటతో తడిసి వస్తే దాన్ని భుజం మీది తువ్వాలుకి తుడుచుకుని "బాగానే ఉంది" అంటాడు. ఆ తువ్వాలు అంచు ఉప్పుతో అట్టకట్టి ఉంటుంది. చెయ్యి పొడిగా వచ్చిందా, తువ్వాలు జోలికే పోడు. ఆ గుర్రాన్ని ఆ రోజుకి కట్టేయిస్తాడు. ఎండలో చెమట ఆగిపోయిన గుర్రం లోపల్లోపల ఉడికిపోతున్నట్టు లెక్క. శాలలో ఒకసారి అలా జరిగితే అన్నం తింటున్నవాళ్ళు ఎంగిలి చేతులతో పరిగెత్తుకొచ్చారు.

ఇప్పుడూ చెయ్యి పెట్టి చూశాడు. తువ్వాలుకి తుడుచుకున్నాడు. "బంగారంలా ఉంది" అన్నాడు. అంత మాట ఆయన నోట అరుదుగా వస్తుంది.

"నాన్నా, ఆయన ఎక్కకూడదు."

"ఎవరు?"

"మీ అల్లుడు. రోజుల తరబడి నీళ్ళు తాగడంలేదు. నేనిచ్చినవన్నీ దీనికి పోసేశాడు. అందుకే ఇది తాగింది."

పెద్దాయన గుర్రం వైపు చూశాడు. "అదా సంగతి" అన్నాడు మెల్లగా. ఆయన గొంతులో ముందు వినిపించింది మెచ్చుకోలు. నేను చెప్పడం కాదు, ఐసమ్మ చెవులారా విన్నది. ఆ మెచ్చుకోలుని ఆమె చాలాకాలం క్షమించలేదు.

"తాగించొచ్చుగా ఇప్పుడు" అన్నాడాయన తర్వాత.

"తాగితే కక్కేశాడు. ఎండలో చలేస్తోందంటున్నాడు."

"ఒంట్లో బాగోలేదని వాడన్నాడా?"

"అనడు."

"మనిషికి నోరుంది, బాగోకపోతే చెప్పుకుంటాడు" అన్నాడు పెద్దాయన. "ఈ మాట నాకు నేర్పింది నువ్వే."

తన మాట తనకే తిరిగి తగిలితే ఎలా ఉంటుందో ఐసమ్మకి అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అయినా కదల్లేదు.

"సరే. నోటితో పని లేదు. చెయ్యి పెట్టి చూడు. గుర్రానికి పెట్టినట్టే, అంతే. చూసి ఏమనిపిస్తే అదే చెప్పు. నేనింక మాట్లాడను."

అప్పటికే ఈక జీను తెచ్చాడు. సైసులు జీను బిగిస్తుంటే అతను హెల్మెట్ పట్టీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. కళ్ళు మూసుకుని పెట్టుకోగల పట్టీ, వేళ్ళకి దొరకడంలేదు. పెద్దాయన అది చూశాడో లేదో తెలియదు. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ తన వైపే చూస్తుండటం చూసి అతనే అడిగాడు. "ఏమిటి మామయ్యా, నాకేమన్నా తోక మొలిచిందా?"

"ఇటు రారా" అన్నాడు పెద్దాయన.

ఈ మామా అల్లుళ్ళది ఒక వింత మర్యాద. ఇంట్లో "అల్లుడుగారూ, కూర్చోండి" అంటాడు పెద్దాయన, శాలలో "ఒరేయ్" అంటాడు. ఇంటి గుమ్మం దగ్గర ఒకటి మొదలై శాల గేటు దగ్గర రెండోది అందుకుంటుంది, ఎన్నడూ ఒకటి రెండోదాన్లోకి దొర్లలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన అల్లుణ్ణి ముట్టుకున్నది గుర్రం ఎక్కించేటప్పుడు కాలు పట్టి పైకి లేపడానికే. ఇప్పుడు కాలరు వెనక నుంచి చెయ్యి లోపలికి పెట్టాడు. పట్టు చొక్కా కిందకి, ప్లాస్టిక్ కోటు కిందకి, వీపు మీదకి.

"చక్కిలిగింతలు మామయ్యా" అన్నాడు ఈక.

ఆ చెయ్యి అక్కడ చాలాసేపు ఉండిపోయింది. ఏ గుర్రం మీదా అంతసేపు ఉంచడం ఐసమ్మ చూడలేదు. ఆ కోటు వేసుకున్నవాడి వీపు వానలో నానినట్టు ఉండాలి. పెద్దాయన మొహంలో ఏమీ కనపడలేదు, గుర్రాలతో గడిపినవాళ్ళ మొహాల్లో అంత తొందరగా ఏదీ కనపడదు. వెనక గంట మోగింది. జాకీలని ఎక్కమని పిలుస్తున్నారు. కంచె అవతల యజమాని నిలబడి ఉన్నాడు, టోపీ తీసి విసురుకుంటూ ఇటే చూస్తున్నాడు. పెద్దాయన కూడా అటు చూశాడు.

చెయ్యి బయటికి తీశాడు.

"బాగానే ఉన్నారు" అన్నాడు.

అని, వంగి, అల్లుడి కాలు పట్టుకుని పైకి లేపాడు. అత్తగారు కొంచెం కూడా కదలకుండా ఎక్కించుకుంది.

శాలలో వినపడకూడని మర్యాద వినపడటం ఐసమ్మ గమనించింది గాని, ఆమె చూస్తున్నది అది కాదు. ఆమె తండ్రి చేతిని చూస్తోంది. భుజం మీద తువ్వాలు ఉంది. చెయ్యి దాని దగ్గరికి వెళ్ళలేదు. పక్కన అలాగే వేలాడుతోంది, వేళ్ళు కొంచెం విడివిడిగా, వేడి పాత్ర పట్టుకుని వదిలేసినవాడి చేతిలా. తుడుచుకోవడానికి అందులో ఏదీ లేదు.

నాన్న అబద్ధం ఆడాడు. గుర్రం గురించి పుట్టి బుద్ధెరిగి ఆడనివాడు, మనిషి గురించి ఆడాడు. ఆమెకి ఏడుపు రాలేదు.

అక్కడినుంచి గేటు దాకా పూలమొక్కల మధ్య ఒక దారి. గుర్రాలు వరసగా వెళుతున్నాయి. అత్తగారు మూడోది. పెద్దాయన గుర్రం పక్కన నడుస్తున్నాడు. ఐసమ్మ వాళ్ళని దాటి ముందుకు వెళ్ళింది. ఈసారి పరిగెత్తింది. గేటు దగ్గరికి చేరి, ముందు రెండు గుర్రాలనీ పోనిచ్చి, అత్తగారి పగ్గం పట్టుకుంది.

గేటు ఆఫీసరు గొడుగు కిందనుంచి లేచి వచ్చాడు. బొద్దుగా, సౌమ్యంగా ఉండే మనిషి. "ఏమైందమ్మా?"

"జాకీకి ఒంట్లో బాగోలేదండీ."

ఆఫీసరు తలెత్తి చూశాడు. "ఏమయ్యా, బాగోలేదా?"

"బ్రహ్మాండంగా ఉన్నానండీ" అన్నాడు ఈక. మాటలు కొంచెం సాగుతున్నాయి. "మా ఆవిడకే ఎండదెబ్బ తగిలినట్టుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు, కాని ఆమె మొహం చూసి తొందరగా ఆపేశాడు. "జాకీ సంగతి జాకీ చెప్పాలి, లేదా ట్రైనరు చెప్పాలి. ట్రైనరు మీ నాన్నగారే, బాగున్నాడనే ఎక్కించారు కదా. నీ చేతిలో ఉన్నది గుర్రం సంగతి. గుర్రానికేమైనా అయితే చెప్పమ్మా, ఆపేస్తాను. ఏమీ కాకపోతే వదిలెయ్. వెనక గుర్రాలు ఎండలో నిలబడిపోయాయి."

గుర్రాల్ని గేటు దగ్గర ఎండలో నిలబెట్టకూడదన్న పట్టుదల ఐసమ్మదే. వెనకనున్న జాకీలు గొణుక్కోవడం మొదలుపెట్టారు. అత్తగారు తడితడిగా మెరుస్తూ ముక్కుతో ఆమె భుజాన్ని నెట్టింది. ఇంత బాగా అది ఎప్పుడూ లేదు. ఇంతవరకు ఈ గేటు దగ్గర ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ నిజాలన్నీ ఆమెకి ఒక పరువు తెచ్చిపెట్టాయి. ఆ పరువు ఒక్కసారి ఖర్చుపెడితే తిరిగి రాదని ఆమెకి తెలుసు.

"గుర్రం నీళ్ళు తాగలేదండీ" అంది.

ఆఫీసరు మొహంలో సౌమ్యం పోయింది. "డాక్టరు గేటు దాటించొద్దన్నది అందుకే కదా. తాగి బకెట్ ఖాళీ చేసిందని మీ శాల నుంచే కబురొచ్చిందే."

"వచ్చిందండీ."

"మరి ఖాళీ బకెట్?"

"పారబోశాం."

గుంపులో నవ్వులు ఆగిపోయాయి. తాగని గుర్రాన్ని తాగిందని చూపించడానికి బకెట్ పారబోసిన శాల అంటే ఇక ఆ శాలకి పుట్టగతులుండవు. తను ఏం కూల్చేస్తోందో ఐసమ్మకి తెలుసు. చిన్నప్పుడు ఆ శాలలోనే గడ్డిమోపుల మీద నిద్రపోయింది. పగ్గం మాత్రం వదల్లేదు.

"ఎవరు పారబోశారు?" అన్నాడు ఆఫీసరు.

ఆమె పగ్గాన్ని చేతికి ఇంకో చుట్టు తిప్పుకుంది. ఆఫీసరు ఆమెని వదిలేసి పెద్దాయన వైపు తిరిగాడు. ఆయనంటే అందరికీ ఉన్న గౌరవం వల్ల గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, మీ మాట మీద వదిలేస్తాను. మీ గుర్రం, మీ శాల. తాగిందంటే పంపిస్తాను, లేదంటే ఇక్కడే దించేస్తాను. తాగిందా, తాగలేదా?"

గుర్రం మీద ఈక ఏదో అనబోయాడు. తాగిందనే అనబోయి ఉంటాడు, తన చేత్తో పోసినవాడు కదా. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎడమచేతిలోంచి పగ్గం జారి అత్తగారి మెడ మీద పడింది. దాన్ని అందుకోవాలన్న సంగతి కూడా అతనికి తోచినట్టు లేదు.

కంచె అవతల యజమాని టోపీ విసురుకోవడం ఆపేశాడు.

పెద్దాయన ముందు కూతురి వైపు చూశాడు, తర్వాత తలెత్తి అల్లుడి వైపు. కుడి అరచేతిని మొహం దాకా ఎత్తి, తనది కాని వస్తువుని చూసినట్టు చూసుకున్నాడు. దాన్ని భుజం మీది తువ్వాలుకి నెమ్మదిగా తుడుచుకున్నాడు. అది ఎముకలా పొడిగా ఉంది, అయినా ఇంకా ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

తర్వాత నోరు తెరిచాడు.